విక్టోరియా నాటి పశుప్రదర్శనలూ, మన ఒంగోలు ఆబోతూ

కంచరపాలెం రైతుబజారులో వంకాయలు ఏరుకొనే మా బోటి పట్నవాసులకు సేద్యంతో మిగిలిన చుట్టరికం ఆ సంచీ మేరకే. అయినా ఈ మధ్య పాత ఇంగ్లండు వ్యవసాయ ప్రదర్శనల చరిత్ర చదువుతుంటే మనసు పదేపదే ఒంగోలు గిత్త మీదికే పోయింది.

విక్టోరియా గద్దెనెక్కిన మరుసటి ఏడాది, 1838లో, లండనులో ఒక వ్యవసాయ సంఘం వెలసింది. 1839లో ఆక్స్‌ఫర్డులో తొలి ప్రదర్శన జరిపింది. 1840లో రాణిగారి అధికారపత్రం లభించి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ అయింది. ఈ ప్రదర్శనకు స్థిరమైన చోటు లేదు. ఏటా ఊరు మారేది. ఆక్స్‌ఫర్డు తరువాత కేంబ్రిడ్జి, ఆపైన లివర్‌పూల్, బ్రిస్టల్. ఆతిథ్యం కోరే ఊరు మైదానం చూపాలి, చందాలు పోగుచేయాలి. మన పల్లెల్లో అమ్మవారి తీర్థానికి పెద్దలు పూనుకొన్నట్టే అక్కడి పురప్రముఖులు పూనుకొనేవారు. రైలు వచ్చాక పోటీ ముదిరింది. అన్ని ఏళ్ళూ కలిసిరాలేదు. 1866లో పశువుల మహమ్మారి వల్ల ప్రదర్శనే మానుకొన్నారు. 1879లో లండను శివారు కిల్బర్నులో ఎడతెగని వానకు మైదానం అడుసై సంఘానికి భారీ నష్టం మిగిలింది. 1889లో విండ్సరులో జరిగినప్పుడు అధ్యక్షురాలు సాక్షాత్తు విక్టోరియాయే.

ఈ ప్రదర్శనల ప్రాణం తీర్పులో ఉంది. పొట్టికొమ్ముల జాతి వంశావళి గ్రంథం 1822 నాటికే అచ్చయింది. తాత, ముత్తాత పేర్లతో సహా పశువుకు గోత్రం ఏర్పడింది. దాని పక్కన బహుమతి చేరేసరికి కోడె ఖరీదు ఆకాశానికెక్కింది. నడవలేనంతగా మేపి తెచ్చిన పశువులను చూసి ఆనాడే ఎగతాళి చేసినవారున్నారు. నాకూ అది సేద్యం కన్నా కుస్తీపోటీలాగే తోస్తుంది.

ఆ గాలి మనవైపూ వీచింది. 1855లో మద్రాసులో ఎడ్వర్డ్ బాల్ఫర్ కార్యదర్శిగా దక్షిణదేశపు ముడిసరుకుల, చేతిపనుల ప్రదర్శన పెట్టారు. 1860లలో గవర్నరు డెనిసన్ ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్ళూ నూర్పిడి యంత్రాలూ తెప్పించాడు. 1865లో సైదాపేటలో ప్రయోగక్షేత్రం మొదలైంది. మన రైతు వాటిని చూశాడు, వెళ్ళిపోయాడు. రెండెడ్ల కాపుకు ఆవిరి నాగలి దేనికి?

పశువుల విషయంలో మాత్రం మనవాళ్ళకు ఒకరు నేర్పవలసిన అవసరం లేకపోయింది. ఒంగోలు సీమలో చనిపోయినవారి పేర మేలైన కోడెదూడను దేవుడికి వదిలే ఆచారం ఉండేది. ఊరి పెద్దలు దూడను పరీక్షించి, సుడులు చూసి, ఒప్పుకొంటేనే అచ్చు వేసి వదిలేవారు. ఆ ఆబోతు ఎవరి చేలో మేసినా అదిలించేవారు కారు. ఊరి మందకంతటికీ అదే విత్తనం. పతకమూ లేదు, గ్రంథమూ లేదు; ఉన్నది ఊరందరి కన్ను. సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకొనే మా ప్రాంతంవారికి ఆ భావం కొత్తది కాదు. అయితే బంజర్లు సాగులోకి వచ్చి మేత తరిగినకొద్దీ దేవుడి ఆబోతు బరువైంది. మొక్కు తీరితే చాలునని నాసి దూడను వదిలేవారూ తయారయ్యారు. ఆచారం నిలిచింది, ఎంపిక పోయింది. నన్ను బాధించేది ఈ రెండో మాటే.

ఇంతలో ఆ పశువు సముద్రం దాటింది. 1868లో ఒక జంట బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో దిగింది. 1878లో లెంబ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఒంగోలు పశువులను చూసి, మనసుపడి, ఒక జంటను కొనుక్కుపోయాడు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే అక్కడ జాతి పేరు నెలోర్. తరువాత 1904లో ఒంగోలు గుంటూరు జిల్లాలో చేరింది, 1970లో కొత్త జిల్లాకు కేంద్రమైంది. బ్రెజిలువారు మాత్రం పాత చిరునామాతోనే పిలుస్తున్నారు. 1962లో కరవది గ్రామం నుంచి వెళ్ళిన ఆబోతును ఆ ఊరి పేరుతోనే వంశకర్తగా తలచుకొంటారు.

ఇంగ్లండు రాయల్ ప్రదర్శన 2009తో ముగిసింది. బ్రెజిల్‌లోని ఉబెరాబాలో మాత్రం ఏటా నెలోర్ పశువులను ముకుతాడుతో నడిపించి, మూపురమూ గంగడోలూ చూసి, బహుమతులిస్తారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా వేలంలో అమ్ముడుపోయింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ నలభై లక్షల డాలర్ల పైమాటే.