ఆశా కార్యకర్త చదువు: ఖర్చు ఎవరిది?

ప్రధానంగా పాత వరంగల్లు జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పల్లెకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ నడుమ వారధిగా నిలిచే ఆశా కార్యకర్తకు వృత్తి నేర్పే పద్ధతి వెనుక దాదాపు అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. 1977 అక్టోబరు 2న కేంద్రం ప్రారంభించిన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకంలో శిక్షణ మూడు నెలలు సాగేది. నేర్చుకునే కాలానికి నెలకు 200 రూపాయల భృతి దక్కేది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశాను గౌరవ సేవకురాలిగానే పరిగణించినా, విడతలవారీగా జరిగే ఆమె 23 రోజుల తొలి శిక్షణకు దినభత్యాన్ని మాత్రం ఉంచింది.

ఈ శిక్షణలో అతి విలువైన భాగం భూపాలపల్లి సరిహద్దు నదికి ఆవలి గడ్చిరోలిలో రూపుదిద్దుకుంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ గ్రామీణ స్త్రీలకు శిశువును తూచడం, వెచ్చగా చుట్టడం, గడియారం చూస్తూ నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కించడం నేర్పింది. నిమిషానికి 60 లేదా అంతకు మించితే ప్రమాద సూచనగా గుర్తించి మరోసారి లెక్కించాలి. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటితమైన అధ్యయనం తేల్చింది. చేయి పట్టి దిద్దే గురువు పక్కనుండబట్టే ఆ విద్య అబ్బిందనడంలో సందేహం లేదు.

2020 ఏప్రిల్‌లో, కరోనా వేళ, ఆరోగ్య సిబ్బంది కోసం కేంద్రం 'ఐగాట్ దీక్ష' అనే ఆన్‌లైన్ శిక్షణ వేదికను తెరిచింది. రోగం ముంచుకొచ్చినప్పుడు అందరికీ ఒకేసారి సమాచారం చేరవేయడానికి అది అవసరమే. కానీ ఒకసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతమేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన కాలమది. లంబాడీ, కోయ మాట్లాడే మహబూబాబాద్ తండాల్లో, గూడేల్లో పనిచేసే స్త్రీకి పుస్తక భాషలోని వీడియో అర్థం కాకపోతే ఆపి అడిగే వీలుండదు. పైగా రీచార్జి ఖర్చు, ఇంటిపని ముగిశాక మిగిలే రాత్రి సమయం ఆమెవే అయితే, ఒకనాడు భృతి ఇచ్చి నేర్పిన ప్రభుత్వం ఆ భారాన్ని నేర్చుకునేవారిపైకి నెట్టినట్టే. ఫోన్‌లో చదివిన గంటలనూ పనిగంటలుగా లెక్కించి, దినభత్యంతో పాటు డేటా ఖర్చునూ చెల్లించి, శిశువు ఊపిరి లెక్కించడం వంటి నైపుణ్యాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ముఖాముఖి నేర్పాలి.