ఎలగందుల కచేరీ నుంచి ఆసిఫాబాద్ జిల్లా కోర్టు దాకా

తీర్పు చెప్పే అధికారికి జీతం ఎవరివ్వాలి, అతడు దారి తప్పితే ఎవరు అడగాలి అన్న ప్రశ్నలకు ఉత్తర తెలంగాణలో నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉండగా, 1865 జిలాబందీతో నిజాం రాజ్యం జిల్లాలుగా ఏర్పడింది. అంతకుముందు గుత్తేదార్లు వసూలు చేసిన శిస్తులోంచే తమ వాటా మినహాయించుకునేవారు. నెలనెలా సర్కారు జీతం తీసుకునే తాలూక్‌దారు రావడమే ఆనాటికి పెద్ద సంస్కరణ. అయితే ఎలగందుల తాలూక్‌దారు కచేరీలో శిస్తు లెక్క చూసేదీ, ఫిర్యాదు వినేదీ ఒక్కరే. జాగీర్లలో జాగీర్దారుల సొంత అదాలత్‌లుండేవి. ఊళ్లలోనైతే దొర గడి ముందు తేలిందే తీర్పు, దానికి అప్పీలు లేదు.

1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ కోర్టు భాష అయింది. ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులు వచ్చారు, వారితోపాటే ముల్కీ (స్థానిక), గైర్‌ముల్కీ (స్థానికేతర) తగాదా కూడా. 1905లో ఎలగందుల స్థానంలో కరీంనగర్ జిల్లా కేంద్రమైంది, ఆదిలాబాద్ జిల్లాగా నిలిచింది. 1921లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో న్యాయశాఖ రెవెన్యూ నుంచి విడివడింది. బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెస్ ఏళ్ల తరబడి కోరుతున్న మార్పు ఒక సంస్థానంలో ముందుగా జరిగిందని హైదరాబాదీలు గర్వంగా చెప్పుకునేవారు, అందులో అతిశయం లేదు. కానీ మున్సిఫ్ అందుకునే హాలీ సిక్కా రూపాయలూ, ఆ తర్వాతి పింఛనూ ప్రభువు దయ మీద ఆధారపడినవే. ఫర్మానాతో వచ్చింది ఫర్మానాతోనే పోగలదు. ఆదిలాబాద్ అడవుల్లో కథ వేరుగా నడిచింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అధ్యయనాల తర్వాత వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్లు అక్కడి వివాదాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి తిరిగి పాలనాధికారులకు అప్పగించాయి. వకీళ్ల ఖర్చు, తెలియని భాష గోండులకు భూమిని దూరం చేసిన చోట ఆ వెనకడుగు అవసరమే అనిపిస్తుంది.

1950లో రాజ్యాంగం వచ్చి ప్రభువు దయ స్థానంలో హక్కును నిలిపింది. హైకోర్టు న్యాయమూర్తుల సేవా నిబంధనలు 1954 చట్టంతో పార్లమెంటు చేతికి వెళ్లాయి. జిల్లా జడ్జి, మున్సిఫ్‌ల సంగతి మాత్రం రాష్ట్రానికే మిగిలింది: 309వ అధికరణ కింద నిబంధనలు, ఖజానా రాష్ట్రానివి, 235వ అధికరణ కింద క్రమశిక్షణ హైకోర్టుది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958లో ఉన్నత న్యాయ సర్వీసుకూ, 1962లో రాష్ట్ర న్యాయ సర్వీసుకూ నిబంధనలు వచ్చాయి. మంథని నుంచి ఎన్నికైన పి.వి. నరసింహారావు ఆ దశాబ్దంలో రాష్ట్ర న్యాయశాఖ మంత్రిగా ఉన్నారు. 1972 సివిల్ కోర్టుల చట్టం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల కోర్టులను ఒకే చట్టం కిందికి తెచ్చింది.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. ప్రాంతీయ ఉద్యమాల దరిమిలా 1973 రాజ్యాంగ సవరణతో చేరిన 371-డి అధికరణ ఉద్యోగుల తగాదాలకు పరిపాలనా ట్రిబ్యునల్‌ను తెచ్చింది. జడ్జీలూ దాని కిందికే వస్తారా? దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రారని తేల్చింది. కింది కోర్టుల జడ్జీలపై అదుపు హైకోర్టుదేనంది. ఆ తీర్పు వెలువడింది 1978 సెప్టెంబరులో. జగిత్యాల జైత్రయాత్ర కూడా ఆ నెలలోనే. గడి తీర్పులను ధిక్కరించి రైతుకూలీలు రోడ్డెక్కిన రోజుల్లోనే కోర్టు జడ్జీలు ఎవరికి జవాబుదారులో ఢిల్లీలో తేలింది.

జీతం సంగతి తేలడానికి ఇంకా ఆలస్యమైంది. 1991లో అఖిల భారత న్యాయాధికారుల సంఘం కేసులో పదవీ విరమణ వయసు 60కి పెంచమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 1993లో జడ్జీలను ఇతర ఉద్యోగులతో పోల్చరాదని స్పష్టం చేసింది. జడ్జీల వేతనాలపై ఏర్పడిన జగన్నాథశెట్టి కమిషన్ 1999లో జూనియర్ సివిల్ జడ్జికి 9,000 రూపాయలతో మొదలయ్యే స్కేలు సూచించింది. ఆ భారంలో సగం కేంద్రం మోయాలన్న సిఫారసును 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బరువంతా రాష్ట్రాల మీదే పడింది. జాప్యాలకు అదో పెద్ద కారణమని నా అభిప్రాయం.

తెలంగాణ ఏర్పడ్డాక పాత ముల్కీ గాయం కోర్టు హాళ్లలోనే రేగింది. రెండు రాష్ట్రాల మధ్య న్యాయాధికారుల కేటాయింపుపై 2016 జూన్‌లో నిరసన తెలిపిన తెలంగాణ జడ్జీల్లో పదకొండు మందిని ఉమ్మడి హైకోర్టు సస్పెండ్ చేసింది. దాదాపు రెండు వందల మంది మూకుమ్మడి సెలవు పెట్టారు. క్రమశిక్షణాధికారం హైకోర్టుదన్న 1978 సూత్రమే ఈసారి జడ్జీలకు చేదుగా తగిలింది. తర్వాతి నెలలో సస్పెన్షన్లు ఎత్తేశారు. 2019 జనవరి 1న తెలంగాణకు వేరే హైకోర్టు వచ్చింది. 2022 జూన్ 2న జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లకు కూడా జిల్లా కోర్టులొచ్చాయి. ఆ జూలైలోనే, తెలుగువాడైన జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి నేతృత్వంలోని రెండో వేతన సంఘం సూచించిన స్కేళ్లను సుప్రీంకోర్టు 2016 జనవరి 1 నుంచి వర్తింపజేసింది. జూనియర్ సివిల్ జడ్జి ప్రారంభ వేతనం 27,700 నుంచి 77,840 రూపాయలైంది. 2023 మే 19న పింఛన్ల సిఫారసులకూ ఆమోదం లభించింది. తెలంగాణ న్యాయాధికారుల విరమణ వయసు 61కి పెంచుకోవడానికి సుప్రీంకోర్టు అనుమతించింది. తర్వాత మధ్యప్రదేశ్ జడ్జీలు తమకూ ఆ వయసు కావాలని వెళ్లినప్పుడు ముందున్న ఉదాహరణ తెలంగాణదే.