‘టెక్స్ట్’ మాటకు పుట్టిల్లు మగ్గమే

మన పిల్లలు రోజుకు పదిసార్లు ‘టెక్స్ట్ చేస్తా’ అంటుంటారు. ఆ మాట నేతవాళ్ళదే అని వాళ్ళకు తెలీదు. పెద్దలం మనకు మాత్రం ఎప్పుడు తట్టింది గనక!

లాటిన్ భాషలో ‘టెక్సెరె’ అంటే నేయడం, ‘టెక్స్టుస్’ అంటే నేసినది. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోములో వక్తృత్వం నేర్పిన క్వింటిలియన్ మాటల కూర్పుకూ ఆ పేరే వాడాడు. 14వ శతాబ్దంలో అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘టెక్స్ట్’ అయింది. 17వ శతాబ్దంలో ‘టెక్స్‌టైల్’ వచ్చింది. కలిపి నేసినది ‘కాంటెక్స్ట్’. రోమన్ అధికారులు ధరించిన ఊదా అంచు వస్త్రం ‘టోగా ప్రేటెక్స్టా’. అంచు నేయడం, పైన కప్పడం అనే ఆ క్రియలోంచే సాకు అనే అర్థంలో ‘ప్రీటెక్స్ట్’ పుట్టింది.

మన వైపూ ఇంతే. సంస్కృతంలో సూత్రం అంటే దారం, తంత్రం అంటే మగ్గం కూడా. తెలుగులో కథలు అల్లుతాం, ఆసులో కండెలా తిరుగుతాం.

షోలాపూరులో మరాఠీ, సేలంలో తమిళం, బరంపురంలో ఒడియా చదువుకున్న మన పిల్లల్లో తెలుగు అక్షరాలు రానివాళ్ళు ఎందరో. అయినా మగ్గం ఉన్న ఇంట్లో పడుగు, పేక, నాడె, అచ్చు అనే మాటలు ఇంకా తెలుగులోనే పలుకుతాయి. మగ్గం ఆగితే అవీ ఆగుతాయి. అందుకే పెద్దలకు మా మనవి ఒక్కటే: ఆ నాలుగు మాటలూ ముందు పిల్లలచేత తెలుగులో రాయించండి. పడుగు మనం వేద్దాం, పేక వాళ్ళే నేస్తారు.