త్రాంబిన్ గ్రాహకం: ఒక అన్వేషణ చరిత్ర



వేలు తెగితే కొద్ది నిమిషాల్లోనే రక్తం గడ్డకట్టి ఆగిపోవడం మీరు గమనించే ఉంటారు. ఇందులో రక్తఫలకికలది ముఖ్య పాత్ర. గాయపడిన రక్తనాళపు గోడకు ఇవి అంటుకొని గుమిగూడతాయని ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజొజెరో 1882లో వివరించారు. త్రాంబిన్ అనే ఎంజైమ్ ఫైబ్రినోజన్‌ను ఖండించి ఫైబ్రిన్ పోగులు ఏర్పడేలా చేస్తుందనీ, ఫలకికలను కూడా ఉత్తేజపరుస్తుందనీ క్రమంగా తెలిసింది.

ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఎదురైంది. హార్మోన్ అయితే తన గ్రాహకంలో తాళంచెవిలా ఇమిడి కణానికి సంకేతం ఇస్తుంది. త్రాంబిన్ పని ప్రోటీన్లను కత్తిరించడం. మరి కత్తిరించే ఎంజైమ్ కణానికి కబురెలా చేరవేస్తుంది?

దీనికి 1991లో సమాధానం దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కాఫ్లిన్ బృందం కప్ప అండకణాల సాయంతో త్రాంబిన్ గ్రాహకపు జన్యువును గుర్తించింది. ఈ గ్రాహకం కణత్వచంలో ఏడుసార్లు అటూ ఇటూ అల్లుకొని ఉంటుంది. కణం వెలుపల ఉన్న దాని కొసను త్రాంబిన్ 41, 42వ అమైనో ఆమ్లాల మధ్య ఖండిస్తుంది. అప్పుడు బయటపడిన కొత్త కొస వెనక్కి వంగి అదే గ్రాహకానికి బంధించుకొని దాన్ని ఉత్తేజపరుస్తుంది. అంటే తాళంచెవి తాళానికే కట్టి ఉంది. త్రాంబిన్ దాని మీది ముసుగును మాత్రమే తొలగిస్తుంది. ఆ కొసను పోలిన చిన్న పెప్టైడ్‌ను తయారుచేసి కలిపితే, త్రాంబిన్ లేకుండానే ఫలకికలు ఉత్తేజితమయ్యాయి. వాదన రుజువైంది.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఈ గ్రాహకం లేని ఎలుకల్లోనూ ఫలకికలు త్రాంబిన్‌కు స్పందించాయి. అలా వేరే గ్రాహకాల కోసం వెతుకులాట సాగింది. 1997లో పార్-3, 1998లో పార్-4 బయటపడ్డాయి. మొదటిదానికి పార్-1 అని పేరు. మానవ ఫలకికల్లో పనిచేసేవి ప్రధానంగా పార్-1, పార్-4. త్రాంబిన్ కొద్దిగా ఉన్నా పార్-1 స్పందిస్తుంది. పార్-4కు ఎక్కువ మోతాదు కావాలి.

ఈ పరిజ్ఞానం వల్ల ప్రయోజనమేమిటని మీరు అడగవచ్చు. గాయాన్ని మూసే రక్తపుగడ్డే గుండె ధమనిలో ఏర్పడితే ప్రాణం తీస్తుంది. పార్-1ను అడ్డుకునే వోరాపాక్సర్ అనే మందును 2014లో అమెరికా ఆమోదించింది. కానీ అది రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతుంది. గతంలో పక్షవాతం వచ్చినవారికి ఇవ్వకూడదు. రక్షించే ప్రక్రియను పూర్తిగా చెరపకుండా, అపాయాన్ని మాత్రమే ఎలా ఆపాలి? ఈ ప్రశ్న ఇప్పటికీ పరిశోధకుల ముందుంది. రేపు దానికి జవాబు వెతికేవారిలో మీరూ ఉండవచ్చు.