రెండు దవడల పట్టు

జనవరి వచ్చిందంటే జక్రాన్‌పల్లి, ఆర్మూర్ పల్లెల్లో పసుపు ఉడికించే బాయిలర్లు, కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములు పనిలో పడతాయి. ఒకచోట బేరింగు పోతుంది, ఇంకోచోట షాఫ్టు వంగుతుంది, గొట్టానికి మర అరిగిపోతుంది. దాన్ని రోడ్డు పక్క వెల్డింగు షెడ్డుకు మోసుకెళితే మెకానిక్ ముందుగా చేసే పని వైస్‌లో, అంటే మర తిప్పితే రెండు దవడల మధ్య వస్తువును పట్టి ఉంచే పనిముట్టులో, బిగించడమే. షెడ్డులో లేత్ ఉండకపోవచ్చు. వైస్ లేని షెడ్డు మాత్రం కనిపించదు. అంత మామూలు సామాను ఈ ప్రాంతానికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ప్రాంతమిది.

ఆ వర్తకులు వచ్చిన ఊరు కోనసముద్రం. ఆర్మూర్ దాటి కమ్మర్‌పల్లి వైపు ఉంటుంది. గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వేలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వోయ్సీ అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోగా, ఆ రాత 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, గంటల తరబడి తిత్తులు ఊది కరిగించేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అప్పటికి అక్కడే మకాం వేసి ఉన్నాడు. కత్తులకు పేరుపడ్డ ఊట్జ్ ఉక్కు అదే.

మరి అంత పనితనం ఉన్నచోట వైస్ ఎందుకు పుట్టలేదు? లోహం తెలియక అనలేం. మన కమ్మరి, కంసాలి, వడ్రంగి కింద కూర్చుని పని చేసేవారు. కొలిమి దగ్గర పటకారు, దాకలి ఉంటే చాలు. చల్లటి పనికి కాలి వేళ్లు, పాదాలే పట్టు. బల్ల ముందు నిలబడి రెండు చేతులతో ఆకురాయి తోసే అలవాటు ఉన్నచోటే వైస్ అవసరం పడుతుంది. దానికి తోడు ఇనుప మర కోయడం ఆ రోజుల్లో ఎక్కడైనా కష్టమే. నా లెక్కలో వైస్‌కు అమ్మ మర. ఇనుము మేనమామ మాత్రమే.

మర పాతదే. ఆలివ్ నూనె, ద్రాక్ష రసం పిండే చెక్క మరలు రోమన్ల కాలానికే ఉన్నాయి. 1450 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం కూడా ఆ బిగింపు మీదే నడిచింది. ఐరోపా కమ్మరులు ఇనుప మరతో లెగ్ వైస్ చేసుకున్నారు. దానికి ఒక కాలు నేల దాకా దిగి ఉంటుంది. సమ్మెట దెబ్బ బల్లకు తగలకుండా నేలకు పోతుంది. దవడ కీలు మీద తెరుచుకుంటుంది కాబట్టి రెండు దవడలూ సమాంతరంగా నిలవవు. గుర్రపు లాడానికి అది చాలు, యంత్రభాగానికి చాలదు.

ఆ కొరత తీరడానికి రెండు కలిసిరావాలి. మొదటిది సరిగ్గా కోసిన మర: లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతంలో మరలు కోసే లేత్‌ను పనికి తెచ్చాడు, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరలన్నిటికీ ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించాడు. రెండోది చౌకగా పోసే పోత ఇనుము, షెడ్డు భాషలో బీడు. మనకు తెలిసిన బెంచ్ వైస్, నేరుగా జరిగే దవడతో, 19వ శతాబ్దపు సరుకు.

తెలంగాణలో ఫిట్టరు పనికి దారి వేసినవి రైళ్లు, ఫ్యాక్టరీలు. నిజాం రైల్వే లాలాగూడ వర్క్‌షాపు, 1937లో బోధన్ దగ్గర వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్, 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ: వీటన్నిటిలోనూ నిలబడి చేసే పనే. ఇప్పుడు షెడ్లలో కనిపించే వైస్‌లలో చాలావరకు పంజాబ్ నుంచి వచ్చేవే.

కొనేస్తే సరిపోయేదాన్ని ఇంట్లో చేయడమెందుకు అని అడగొచ్చు. చేస్తే తప్ప తెలియని సంగతులు ఇందులో చాలా ఉన్నాయి. 1898లో లండన్‌లో మొదలైన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక చుట్టూ, పోత ముక్కలు తెచ్చుకుని పెరటి లేత్ మీద మెషినింగ్ చేసుకునేవాళ్ల లోకం ఒకటి పెరిగింది. చిన్న వైస్ దానికి మంచి పాఠం.

పోత అచ్చుకు నమూనాగా ఉండే చెక్క పాటర్న్‌తో మొదలుపెట్టాలి. బీడు చల్లారితే మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. 75 మిల్లీమీటర్ల దవడకు అది లెక్కలోకి రాదు, కోతకు వదిలే 3 మిల్లీమీటర్లే ముఖ్యం. ఫౌండ్రీ నుంచి వచ్చిన ముక్కకు ఇసుక అంటిన గట్టి పొర ఉంటుంది. దాని మీద సన్నగా గీరితే టూలు మొన పోతుంది. మొదటి కోతే పొర కిందికి దిగాలి, వేగం తక్కువుండాలి. నూనె, నీళ్లు అక్కర్లేదు. రాలే నల్ల పొడి చేతికి, ముక్కుకు పట్టుకుంటుంది కాబట్టి గుడ్డ కట్టుకోవాలి.

అడుగు భాగాన్ని ముందు చదును చేసి, మిగతా కొలతలన్నీ దాని నుంచే తీయాలి. మిల్లింగ్ మిషన్ లేకపోతే పోతను లేత్ ఫేస్‌ప్లేట్‌కు బిగించి తిప్పాలి, లేదా వర్టికల్ స్లైడ్ మీద పెట్టి కోయాలి. మర దూరే రంధ్రం దవడ జారే దారికి సమాంతరంగా లేకుంటే హ్యాండిల్ ఒకచోట తేలిగ్గా తిరిగి, ఇంకోచోట మొరాయిస్తుంది. మరకు చదరపు పళ్లుండే స్క్వేర్ థ్రెడ్ కోస్తారు, ఎందుకంటే బిగించిన బలం దాదాపు నేరుగా నట్టు మీద పడుతుంది. వీ ఆకారపు మర అయితే నట్టును పక్కలకు చీల్చాలని చూస్తుంది. చిన్న లేత్ మీద నట్టు లోపల ఆ మర కోయడం తలనొప్పే. అందుకే చాలామంది లోపలి మర కోసే ట్యాపును అదే కొలతలో చేసుకుంటారు.

4 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న మరను మధ్య నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని తిప్పితే, ఒక చుట్టుకు చెయ్యి 94 సెంటీమీటర్లు తిరుగుతుంది, దవడ 4 మిల్లీమీటర్లే కదులుతుంది. 10 కిలోల బలం పెడితే, నాలుగింట మూడొంతులకు పైగా రాపిడికి పోయినా 400 నుంచి 500 కిలోల బిగింపు మిగులుతుంది.

చివరి పని దవడల ముఖాలు. గట్టిపరచిన ఉక్కు ప్లేట్లు బిగించాక, మూసినప్పుడు పైఅంచులు వెంట్రుకవాసి ముందుగా తాకాలి. బిగించే కొద్దీ కదిలే దవడ కాస్త వెనక్కి వాలుతుంది. అప్పుడే ముఖాలు పూర్తిగా కలుస్తాయి. అంగట్లో వైస్ కొనేవాళ్లు కూడా రెండు దవడల మధ్య కాగితం పెట్టి, పైన పట్టుకుందో లేదో చూసుకోవచ్చు.

ఐటీఐల్లో ఫిట్టరు కోర్సు రెండేళ్లు. ఆ రెండేళ్లలో ప్రతి విద్యార్థికీ ఒక జత పోత ముక్కలిచ్చి తన వైస్ తానే చేసుకోనిస్తే బాగుంటుంది. ఆకురాయి, డ్రిల్లు, ట్యాపు, లేత్, కొలత అన్నీ అందులోనే వస్తాయి. రేపు షెడ్డు పెట్టుకునేవాడికి మొదటి సామాను కూడా చేతిలోనే ఉంటుంది. అధికారులు ఒకసారి ఆలోచించాలి.