సాలిడ్ స్టేట్ డ్రైవు, బ్యాకప్

సాలిడ్ స్టేట్ డ్రైవు లేదా ఎస్.ఎస్.డి. అనగా కదిలే భాగాలేవీ లేకుండా, ఫ్లాష్ మెమరీ చిప్పులలో సమాచారాన్ని దాచే నిల్వ పరికరం. పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కు స్థానంలో దీనిని అమర్చితే కంప్యూటరు వేగం గణనీయంగా పెరుగుతుంది. అయితే ఈ రెండు పరికరాలు పాడయ్యే తీరు ఒకటి కాదు. అందువలన మార్పిడికి ముందు, ఆ తరువాత కూడా బ్యాకప్, అనగా సమాచారానికి వేరొక చోట భద్రపరచిన నకలు, తప్పనిసరి.

చరిత్ర

1956లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఉండేవి. అన్నిటిలో కలిపి పట్టే సమాచారం సుమారు 5 మెగాబైట్లు, అనగా నేటి ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫొటోలంత. జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980లలో ఫ్లాష్ మెమరీని రూపొందించాడు. నేటి ఎస్.ఎస్.డి.లలో వాడే నాండ్ రకం 1987లో వెలుగు చూసింది. 1991లో సన్‌డిస్క్ సంస్థ (తరువాతి శాన్‌డిస్క్) 20 మెగాబైట్ల ఎస్.ఎస్.డి.ని విక్రయించింది. ధరలు దిగివచ్చి ఇవి సాధారణ వాడుకరులకు చేరువైనది 2010ల తరువాతనే.

పనిచేసే తీరు

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతూ ఉంటే, దానిపై ఒక శీర్షం కదులుతూ చదువుతుంది. కావలసిన చోటికి చేరడానికి దానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్.ఎస్.డి.కి 0.1 మిల్లీసెకను చాలు. సాటా తీగతో కలిపే ఎస్.ఎస్.డి. సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదవగలదు. ఎన్.వి.ఎం.ఇ. రకానివి అంతకు అనేక రెట్లు వేగవంతమైనవి. అయితే పాత కంప్యూటరులో వాడుకరి గమనించే తేడాకు ప్రధాన కారణం ఈ పెద్ద సంఖ్యలు కాదు, వెదకే సమయం తగ్గడమే. కార్యాలయ పనులకు, చదువుకు సాటా రకం సరిపోతుంది.

ఫ్లాష్ గడులను పరిమితమైన సార్లు మాత్రమే చెరిపి తిరిగి రాయగలరు. ఎస్.ఎస్.డి. త్వరగా అరిగిపోతుందనే భయం దీనివలన ఏర్పడింది. ఇంటి వాడకంలో ఆ పరిమితిని చేరడం అరుదు. అసలు ప్రమాదాలు వేరు. హార్డ్ డిస్కు చెడిపోయే ముందు తరచుగా శబ్దం చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్.ఎస్.డి.లోని నియంత్రక చిప్పు ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోవచ్చు. పొరపాటున తుడిచిన ఫైలును హార్డ్ డిస్కు నుండి వెలికితీసే అవకాశం కొంత ఉంటుంది. ఎస్.ఎస్.డి.లో ట్రిమ్ అనే ఆదేశం ఖాళీ అయిన గడులను చెరిపివేయిస్తుంది గనుక ఆ అవకాశం దాదాపు ఉండదు.

వేడి మరొక సమస్య. విద్యుత్తు లేకుండా పక్కన పెట్టిన ఎస్.ఎస్.డి. గడులలోని విద్యుదావేశం కాలక్రమంలో తగ్గుతుంది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ, డ్రైవు అరిగే కొద్దీ ఇది వేగవంతమవుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలలో ఎస్.ఎస్.డి.ని బీరువాలో పెట్టి ఏళ్ళ తరబడి మరచిపోవడం మంచిది కాదు. దీర్ఘకాలపు నిల్వకు హార్డ్ డిస్కే నేటికీ అనువైనది.

మార్పిడి

ముందుగా ఫైళ్ళన్నిటినీ బయటి డిస్కులోకి నకలు చేసి, వాటిలో కొన్నిటిని మరొక కంప్యూటరులో తెరచి చూడాలి. తరువాత క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పాత డిస్కును ఉన్నదున్నట్లు కొత్తదానిలోకి మార్చవచ్చు, లేదా ఆపరేటింగ్ సిస్టమును కొత్తగా ఎక్కించవచ్చు. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై రాసిపెట్టుకోవాలి. పాత డిస్కును వెంటనే తుడిచివేయరాదు. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఎస్.ఎస్.డి.లోని సమాచారం దెబ్బతినవచ్చు కాబట్టి డెస్క్‌టాప్ కంప్యూటరుకు యు.పి.ఎస్. అవసరం.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. వైరా వంటి పట్టణాలలో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు తయారుచేసే డి.టి.పి. కేంద్రాలలో ఏళ్ళ తరబడి పేజ్‌మేకరులో అను ఫాంటులతో పని జరిగింది. ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో ఉండవు. కొత్త కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫాంటులను, సాఫ్ట్‌వేరును కూడా బ్యాకప్‌లో చేర్చాలి. ముఖ్యమైన వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పి.డి.ఎఫ్. రూపంలో మరొక ప్రతి ఉంచుకోవడం ఉత్తమం.

బ్యాకప్ పద్ధతి

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరొక ఊరిలో లేదా ఇంటర్నెట్‌లో ఉండాలనే 3-2-1 నియమాన్ని అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో ఎక్కువమంది వదిలివేసేది చివరి అంశం. 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద ఖమ్మం పట్టణంలోని నదీతీర కాలనీలను ముంచెత్తింది. అటువంటి వరదలో కంప్యూటరూ, దాని పక్కన సొరుగులో ఉంచిన బ్యాకప్ డిస్కూ ఒకేసారి తడిసిపోతాయి.

ఎల్లప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కు కూడా పూర్తి బ్యాకప్ కాదు. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై వైరస్ ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇటువంటి వైరస్ తగిలించి ఉన్న బయటి డిస్కులలోకి కూడా ప్రవేశిస్తుంది. కావున నకలు పూర్తికాగానే డిస్కును విడదీయాలి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా

దూరపు ప్రతి ఎంత అవసరమో తెలుగు పుస్తకాల విషయంలోనే తెలిసివచ్చింది. చిత్తూరు జిల్లాలో జన్మించిన శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రోద్బలంతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేపట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటి మొదలైన సంస్థలు పుస్తకాలను స్కాన్ చేశాయి. వాటిలో తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉన్నాయి. తరువాత ఆ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. అప్పటికే స్వచ్ఛంద కార్యకర్తలు లక్షలాది పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు చేసి ఉండటం వలన అవి నిలిచాయి. తెలుగు వికీసోర్స్‌లోని అనేక పుస్తకాలకు ఆ స్కానులే ఆధారం. అయితే స్కాన్ చేసేటప్పుడు తప్పిపోయిన పుటలు నకలులోనూ లేవు. వాటి కోసం ముద్రిత ప్రతి ఉన్న గ్రంథాలయానికి వెళ్ళవలసిందే.