నేత ఖాతాలో లేని చోటు ఓటు పెట్టెలో వుంటుందా?

యూనియన్లే కార్మికులకు ఓటు నేర్పాయని కార్మికోద్యమ చరిత్రలు చెబుతాయి. అబద్ధమేమీ కాదు. కానీ ఎవరికి వేయమని నేర్పాయి, ఎవరికి వేయమని నేర్పలేదు అనే ప్రశ్న ఆ చరిత్రల్లో వుండదు. మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేము. ఆ ప్రశ్న మేం అడక్క తప్పదు. బొంబాయి మిల్లుల నుంచే మొదలు పెడదాం.

బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి బాగా గిట్టేది నేత ఖాతాలో. అక్కడికి అస్పృశ్యుల్ని రానిచ్చేవాళ్లు కాదు. నాడెలో పోగును నోటితో పీల్చి లాగాలి కదా, మహర్ నోరు పెట్టిన నాడె ముట్టుకుంటే మైల! అడ్డుపడింది యజమాని ఒక్కడే కాదు, పక్కన నిలబడ్డ సవర్ణ కార్మికుడు కూడా. 1928 సమ్మెలో ఈ వివక్ష పోవాలనే డిమాండు చేర్చకపోతే మావాళ్లు సమ్మెలోకి రారని అంబేద్కర్ తెగేసి చెప్పాకే నాయకులు, అదీ అయిష్టంగా, చేర్చారు.

1936లో అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 ఎన్నికల్లో రిజర్వుడు సీటుకైనా తుది ఓటు ఉమ్మడిదే, అందులో సవర్ణులదే పైచేయి. అయితే బొంబాయి రాష్ట్రంలో నియోజకవర్గంలో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. అన్నీ ఒక్కరికే వేయొచ్చు. చెదిరిపోకుండా ఒక్కచోట పోగేస్తే తక్కువమంది వున్నవాళ్లు కూడా గెలవగలరు. పార్టీ 17 మందిని నిలబెడితే 14 మంది గెలిచారు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అస్పృశ్య రైల్వే కార్మికులతో అంబేద్కర్ చెప్పిందేమిటి? చట్టం చేసే చోట బలం లేనిదే యూనియన్ తన మేలు కాపాడుకోలేదు, కాబట్టి రాజకీయాల్లోకి దిగాల్సిందేనని. కార్మికుడికి శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం అని కూడా. అదే ఏడాది నవంబర్ 7న సమ్మె హక్కును దెబ్బతీసే పారిశ్రామిక వివాదాల బిల్లు మీద ఆయన కమ్యూనిస్టులతో కలిసే సమ్మె చేయించారు.

మరి 1952లో? ఉత్తర బొంబాయి ద్విసభ్య లోక్‌సభ స్థానం. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒక్కరికే వేస్తే రెండోది చెల్లదు. రిజర్వుడు సీటుకు అంబేద్కర్. జనరల్ సీటుకు సోషలిస్టు అశోక్ మెహతా ఒకవైపు, మిల్లు కార్మికుల నాయకుడు డాంగే మరోవైపు. సుమారు 15 వేల ఓట్ల తేడాతో అంబేద్కర్ ఓడిపోయారు. 74,333 ఓట్లు చెల్లకుండా పోయాయి, రెండో ఓటు వృథా చేయమని డాంగే ప్రచారం చేశారంటూ అంబేద్కర్, మెహతా పిటిషన్ వేశారు. ట్రిబ్యునల్ కొట్టేసింది.

కొట్టేసినా మా ప్రశ్న పోదు. వర్గ ఐక్యత గురించి అంత చెప్పిన యూనియన్, ఆ రెండో ఓటు అంబేద్కర్‌కి వేయమని ఎందుకు నేర్పలేకపోయింది? నేత ఖాతాలో మహర్‌ని పక్కన నిలబెట్టుకోనివాడికి ఓటు పెట్టె దగ్గర ఒక్కసారిగా ఐక్యత ఎక్కణ్ణించి వస్తుంది?

ద్విసభ్య స్థానాలు 1961లో రద్దయ్యాయి. ఎవరికి ఓటెయ్యాలో యూనియన్లు ఇప్పటికీ చెబుతూనే వున్నాయి. వినాల్సిందే. వినేముందు ఒక్కటి అడుగుదాం: మీ కమిటీలో మావాళ్లెందరు?